మర్ఫీ సమస్యకు మూలకారణం

వంద రోజుల్లో, ఐర్లండ్‌లో మేముండే శాండీఫోర్డ్‌ను భయం లేకుండా నడవదగ్గ ప్రాంతంగా మార్చి చూపిస్తామని మా తెలుగు సంఘం అధ్యక్షులు శ్రీ మధుసూదనరావు గారు 2021 జనవరి రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటలకు జూమ్‌లో ప్రకటించారు. ఎలా మారుస్తారని ఎవరూ అడగలేదు. అడగకుండా అందర్నీ మ్యూట్‌లో పెట్టే బాధ్యత నాది.

నా పేరు రంగనాథ్. సంఘానికి సంయుక్త కార్యదర్శిని, వార్తాలేఖకు సంపాదకుణ్ణి. అధ్యక్షులవారు ఏం చేసినా చూసి ఆనందించడం, చేయకపోతే చేసినట్టు రాసి ఆనందించడం నా పని. ఆరేళ్లుగా ఒక్క నెల కూడా తప్పలేదు.

"మిత్రులారా! ప్రపంచమంతా వైరస్‌తో పోరాడుతోంది. మనం ఒక అడుగు ముందుకేసి కుక్కలతో కూడా పోరాడబోతున్నాం," అన్నారాయన. వెనకాల పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకున్నారు. ఆవేశంగా చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ చెయ్యి బీరువాలో కలిసిపోయి మాయమయ్యేది. అయినా ఆవేశం తగ్గలేదు.

నిజానికి పోరాటం ఒక్క కుక్కతోనే. ఆ రోజుల్లో వ్యాయామానికి తప్ప గడప దాటొద్దని, దాటినా ఐదు కిలోమీటర్లు మించొద్దని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. దాంతో పుట్టి బుద్ధెరిగాక నడవనివాళ్లు కూడా నడక మొదలెట్టారు. కుక్కలు లేనివాళ్లు తెచ్చుకున్నారు, ఉన్నవాళ్లు తాళ్లు విప్పేశారు. మా అపార్టుమెంట్లు నాలుగు బ్లాకులు. మధ్యలో పచ్చిక, దాని చుట్టూ ఒక కాలిబాట, ఆ పక్కన లువాస్ ట్రాము పట్టాలు. ఆ కాలిబాట మీద పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం మూడు నుంచి చీకటిపడే దాకా ఒకటో బ్లాకు డెక్లన్ గారి కుక్క మర్ఫీ స్వేచ్ఛగా విహరించేది. గోధుమరంగు, దూడంత ఉంటుంది. డెక్లన్ గారు చేతిలో తాడు పట్టుకునే వచ్చేవారు. కుక్క ఒకచోట, తాడు ఒకచోట ఉండేవి.

పోరాటానికి కారణభూతురాలు మూడో బ్లాకు సరోజమ్మగారు. ఊరు నరసరావుపేట. కూతురు సాహితి కాన్పుకని ఏడాది కిందట వచ్చారు. కాన్పు అయింది, విమానాలు ఆగాయి, వీసా దానంతటదే పొడుగవుతూ పోయింది. ఆవిడకి షుగరు. డిసెంబరులో జీపీ, అంటే ఇక్కడి ఇంటి డాక్టరమ్మ, రక్తపరీక్ష రిపోర్టు ఫోన్లోనే చదివి, రోజూ నలభై నిమిషాలు నడవమన్నది. ఏప్రిల్‌లో మళ్లీ రక్తం తీస్తామని, షుగరు దిగకపోతే ఇన్సులిన్ మొదలెట్టాల్సిందేనని కూడా చెప్పింది. సరోజమ్మగారికి సూదంటే భయం. టీకా వేయించుకోవాలన్నా వారం ముందు నుంచి అన్నం సహించని మనిషి. అయితే ఆవిడ బాధ సూది ఒక్కటే కాదు.

"రోజంతా పిల్లదాని పాలసీసాలు, అల్లుడి మీటింగులు. గట్టిగా దగ్గితే ఉష్ అంటాడు. ఆ నలభై నిమిషాలే నాయి," అని ఆవిడ నాతో ఒకసారి అన్నారు.

జనవరి మొదటి సోమవారం ఆవిడ చీర మీద అల్లుడి జాకెట్టు, కాళ్లకు కూతురి బూట్లు వేసుకుని కాలిబాట మీదికి వచ్చారు. మర్ఫీ దూరం నుంచి చూసి ఇటు తిరిగింది. కుక్క వస్తుంటే ఏం చేయాలో మన దేశంలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. వంగి రాయి తీస్తున్నట్టు నటిస్తే చాలు. రాయి ఉండనక్కర్లేదు. మన కుక్కలకీ మనకీ మధ్య తరతరాలుగా ఉన్న ఒప్పందం అది. సరోజమ్మగారు దాని ప్రకారమే వంగారు.

మర్ఫీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఈ దేశంలో ఎవరైనా కుక్కను చూసి వంగారంటే అది బంతి విసరడానికే. అరవై గజాల దూరం నుంచి మర్ఫీ పరమానందంతో పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఇంకా గట్టిగా, చెయ్యి నేలకు ఆనేదాకా వంగారు. మర్ఫీకి ఆనందం రెట్టింపైంది. ముందుకాళ్లు రెండూ ఎత్తి ఆవిడ భుజాల మీద వేసింది. ఆవిడ తడిపచ్చికలో వెల్లకిలా పడ్డారు.

డెక్లన్ గారు నియమనిష్ఠలు గల మనిషి. పడిన ఆవిణ్ణి లేపబోయి, కోవిడ్ నిబంధన గుర్తొచ్చి, సరిగ్గా రెండు మీటర్ల అవతల ఆగిపోయారు. మర్ఫీకి ఆ నిబంధన వర్తించదు కాబట్టి అది ఆవిడ ముఖం నాకింది.

"హి ఈజ్ గ్రాండ్! హి ఓన్లీ వాంట్స్ టు ప్లే!" అన్నారు డెక్లన్ గారు నవ్వుతూ. గ్రాండ్ అంటే ఇక్కడ గొప్ప అని కాదు, ఫర్వాలేదని. ఎవరికి ఫర్వాలేదన్నది చెప్పే ఆచారం లేదు.

కుక్క పేరు మర్ఫీ అని సాయంత్రం కూతురు చెబితే సరోజమ్మగారు నిట్టూర్చారు. "మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. చెవి తిప్పితే నోరు మూసేది."

మధుసూదనరావు గారు వృత్తిరీత్యా ఇక్కడి బిజినెస్ పార్కులో సర్వీస్ డెలివరీ మేనేజరు. పన్నెండేళ్లుగా టికెట్లు, అంటే కంప్యూటర్లో నమోదైన ఫిర్యాదులు, మూసి పేరు తెచ్చుకున్న మనిషి. సమస్య ఏదైనా సరే టికెట్టుగా మారి ఆయన ముందుకొస్తే ప్రాణాలతో బయటపడదు. సమస్య సంగతి నాకు తెలీదు, టికెట్టు సంగతి చెబుతున్నాను. అందుకే జూమ్ ప్రకటన అయిన మూడో రోజుకల్లా శునక ఫిర్యాదుల పోర్టల్ తయారైంది. కుక్క జాతి, బరువు, తాడు పొడవు అన్నీ తప్పనిసరిగా నింపాల్సిన గడులు. తాడు లేకపోతే సున్నా అని నింపాలి.

సరోజమ్మగారికి పోర్టల్ రాదు కాబట్టి అధ్యక్షులవారు స్వయంగా ఫోన్ చేసి మొదటి టికెట్టు నమోదు చేశారు. చారిత్రక సందర్భం అని స్పీకర్‌లో పెట్టి నాకూ వినిపించారు.

"ఆంటీ, కరిచిందా?"

"కరవలా. మీద పడింది."

"రక్తం వచ్చిందా?"

"రాలా. నడుం పట్టేసింది. చీర పాడైంది."

"చీరకి గడి లేదు ఆంటీ. అయితే ఇది పి-త్రీ. తరిమితే పి-టూ, కరిస్తే పి-వన్."

"కరిస్తే తొందరగా చూస్తారా?"

"నాలుగు గంటల్లో స్పందిస్తాం!"

"మరి నాదానికో?"

"పదిహేను పనిదినాలు."

"ఈలోపు రోజూ నడవాలి గదయ్యా నేను. ఏప్రిల్లో రక్తం తీత్తారంట."

"ఆ సంగతి కామెంట్స్‌లో రాస్తాను ఆంటీ," అన్నారాయన. రాశారు కూడా. నేను చూశాను.

తర్వాతి ఆదివారం జూమ్‌లో ఒక అవాంతరం వచ్చింది. సరోజమ్మగారి ఎదురు ఫ్లాట్లో డెబోరా అని ఒకమ్మాయి ఉంటుంది. అమలాపురం వైపు. ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే కేరర్‌గా పని. సాహితి పంపిన లింకు పట్టుకుని యూనిఫాంలోనే మీటింగులోకి వచ్చేసింది. నేను మ్యూట్ నొక్కేలోపు మాట్లాడేసింది.

"సార్, ఇంత అవసరమాండి? ఆయన పేరు డెక్లన్. ఒకటో బ్లాకు, పన్నెండో నంబరు. తలుపు కొట్టి, కుక్కని కట్టుకోండి, మా ఆంటీ నడవాలి అని చెబితే అయిపోద్దండి. వినకపోతే కౌన్సిల్లో డాగ్ వార్డెన్ ఉంటారు. ఫోన్ చేసి పేరు, అడ్రసు ఇస్తే వాళ్లే చూసుకుంటారు."

నలభై మంది ముఖాలు స్తంభించిపోయాయి. మొదట నెట్ పోయిందేమో అనుకున్నాను.

"మీరు మన సంఘ సభ్యులేనా అమ్మా?" అని అడిగారు అధ్యక్షులవారు, ఎంతో మర్యాదగా.

"కాదండి."

"మీ సలహాను ఇతరములు అన్న శీర్షిక కింద నమోదు చేస్తున్నాం. ధన్యవాదాలు. మిత్రులందరికీ మనవి. ఈ సున్నితమైన దశలో ఎవరూ విడిగా వెళ్లి డెక్లన్ గారితో మాట్లాడొద్దు. సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ నేనే."

ఆ పిల్ల మంచిదే గాని ప్రాసెస్ తెలీదని మీటింగు తర్వాత ఆయన నాతో అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఒక ఫోన్‌కాల్‌తో అయిపోయే పనికి సంఘం ఎందుకు, ఉపసంఘం ఎందుకు, నేనెందుకు?

జనవరి చివర్లో క్షేత్రస్థాయి పరిశీలన జరిగింది. అధ్యక్షులవారు, నేను పసుపుపచ్చ మెరుపు జాకెట్లు వేసుకుని, పన్నెండు పేజీల వినతిపత్రం చేతబట్టుకుని కాలిబాటకు వెళ్లాం. సరోజమ్మగారిని సాక్షిగా తీసుకెళ్లాం. మొదటి పేజీలో అధ్యక్షులవారి ఫొటో, రెండో పేజీలో సంఘ చరిత్ర, పదకొండో పేజీలో తాడు ప్రస్తావన.

మర్ఫీ రాగానే మధుసూదనరావు గారు చటుక్కున బెంచీ ఎక్కారు. పరిస్థితిని ఎత్తు నుంచి సమీక్షిస్తే సమగ్రంగా ఉంటుంది. వినతిపత్రం ఊపుతూ "సిట్! సిట్!" అన్నారు. మర్ఫీ ఎగిరి వినతిపత్రం నోట కరుచుకుని పచ్చిక మీద మూడు చుట్లు తిరిగి, ఒక పొద వెనక దాన్ని భద్రపరిచింది. వినతిపత్రం స్వీకరించబడిందని ఆ నెల వార్తాలేఖలో రాశాను. అందులో అబద్ధం లేదు.

అంతలో డెక్లన్ గారు వచ్చి రెండు మీటర్ల అవతల ఆగారు. ఇక అసలు విషయం వస్తుందని నేను ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశాను.

"లవ్లీ డాగ్," అన్నారు మధుసూదనరావు గారు బెంచీ మీది నుంచి.

"ఆహ్, హి ఈజ్ ఎ డోట్," అన్నారు డెక్లన్ గారు. డోట్ అంటే ఇక్కడ ముద్దులమూట అని.

"వెరీ యాక్టివ్."

"హి ఈజ్, యా."

తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత టీకాలు ఎప్పుడొస్తాయోనని మాట్లాడుకున్నారు. ఆ సందర్భంలోనే తేలిన విషయం ఏమిటంటే, డెక్లన్ గారు మా నాలుగు బ్లాకుల రెసిడెంట్స్ కమిటీకి చైర్మన్. రాబోయే కౌన్సిల్ ఎన్నికల్లో ఎవరికి టికెట్ ఇవ్వాలో చెప్పగల నలుగురిలో ఒకరితో వారం వారం గోల్ఫ్ ఆడేవారట, కోవిడ్ రాకముందు. మధుసూదనరావు గారు మెల్లగా బెంచీ దిగారు. దిగుతూ మర్ఫీ తల నిమిరారు. ముఖం పక్కకి తిప్పుకున్నారు గాని నిమిరారు. నాయకుడికి ఉండాల్సిన తెగువ అది.

"మీలాంటి మనిషి మా కమిటీలో ఉండాలి. మీవాళ్లందరూ మీ మాట వింటారుగా," అన్నారు డెక్లన్ గారు ఇంగ్లీషులో.

ఇంతసేపూ సరోజమ్మగారు చెట్టు చాటున నిలబడే ఉన్నారు. తిరిగొస్తుంటే అడిగారు. "తాడు మాట అడిగావా అయ్యా?"

"సంబంధాలు నెలకొన్నాయి ఆంటీ. తాడు రెండో దశ."

"నడక ఏ దశలో వత్తది?"

ఆయనకు అప్పుడే ఆఫీసు కాల్ వచ్చింది.

ఫిబ్రవరిలో మూలకారణ విశ్లేషణ జరిగింది. ఆఫీసుల్లో ఏదైనా కుప్పకూలితే ఐదుసార్లు ఎందుకు అని అడుగుతూ పోతారు, ఐదో సమాధానమే మూలకారణం. అధ్యక్షులవారు స్లైడ్లు వేసి ఒక్కో ప్రశ్నా సంధించారు. ఆంటీ ఎందుకు పడ్డారు? కుక్క మీదికి ఎక్కింది కాబట్టి. కుక్క ఎందుకు ఎక్కింది? దగ్గరికొచ్చింది కాబట్టి. దగ్గరికి ఎందుకొచ్చింది? బంతి వేస్తారనుకుని. బంతి వేస్తారని ఎందుకనుకుంది? ఆంటీ వంగారు కాబట్టి.

"చూశారా!" అన్నారు మధుసూదనరావు గారు. "ఆంటీ ఎందుకు వంగారు? అదీ ప్రశ్న."

"రాయి తీద్దామని," అన్నారు సరోజమ్మగారు సాహితి ఫోన్లోంచి.

"అంటే దాడి చేసే ఉద్దేశంతో."

"ఊరికే నటన అయ్యా! రాయి ఎక్కడుందీ దేశంలో? అంతా గడ్డేగా."

"నటన అంటే తప్పుడు సమాచారం ఇవ్వడం. కుక్క దాన్ని నమ్మింది. తప్పు నమ్మినవాడిదా, నమ్మించినవాడిదా?"

నలభై మంది ఆలోచనలో పడ్డారు. మూలకారణం యూజర్ వంగడం అని ఏకగ్రీవంగా తీర్మానించారు. డెక్లన్ గారు కూడా ఏకీభవించారని, ఆయన నిష్పాక్షికత మెచ్చుకోదగ్గదని అధ్యక్షులవారు తెలియజేశారు.

దీనికి పరిష్కారం యూజర్ ట్రైనింగ్. ఐరిష్ కుక్కల వద్ద మెలగవలసిన తీరు అన్న అంశం మీద మధుసూదనరావు గారే గంటన్నర శిక్షణ ఇచ్చారు. కుక్కతో ఆయన పరిచయం అప్పటికి ఒక్క నిమురుడు. కుక్క రాగానే స్తంభంలా నిలబడాలి, చేతులు కట్టుకోవాలి, దాని కళ్లలోకి చూడకుండా ఆకాశం వంక చూడాలి, విసుగొచ్చి అదే వెళ్లిపోతుంది.

మర్నాడు పొద్దున్న నా బాల్కనీలోంచి చూశాను. సరోజమ్మగారు స్తంభంలా నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. ఆకాశం వంక చూశారు. మర్ఫీ ఆవిడ ఎదురుగా కూర్చుని తనూ ఆకాశం వంక చూసింది. ఇదేదో కొత్త ఆట అనుకుంది. బంతి పైనుంచి పడుతుందేమోనని దాని ఆశ. ఐదు నిమిషాలకు చినుకులు మొదలయ్యాయి. డెక్లన్ గారు ఒక చెట్టు కింద ఫోన్ మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఒక్కడుగు వేస్తే మర్ఫీ లేచేది. ఆగితే కూర్చునేది. ఇరవై ఐదు నిమిషాలు ఇద్దరూ అలాగే తడిశారు. నాకు సిగ్గేసింది. కిందికి పరిగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొద్దామనుకుని చెప్పులు కూడా వేసుకున్నాను. సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ ఎవరో గుర్తొచ్చి విప్పేశాను.

డెబోరా మాత్రం ప్రాసెస్ ఉల్లంఘించింది. ఆ సాయంత్రమే వెళ్లి డెక్లన్ గారి తలుపు కొట్టింది. ఆయన ఎంతో మర్యాదగా, మీ సంఘం మధుతో అంతా మాట్లాడేశాను, సమస్య మీ ఆంటీ వంగడం వల్లేనట, ట్రైనింగ్ కూడా ఇచ్చారటగా, ఇట్స్ ఆల్ సార్టెడ్ అని చెప్పి, మాస్కు బాగుందని మెచ్చుకుని తలుపేశారు. ఇక వార్డెన్‌కి ఫోన్ చేద్దామనుకున్న వారమే ఆమె పనిచేసే నర్సింగ్ హోమ్‌లో కోవిడ్ వచ్చింది. మూడు వారాలు ఆ పిల్లకి నిద్రే లేదు. ఫోన్ నువ్వు చెయ్యమని సాహితికి చెప్పింది. సాహితి కూడా సాఫ్ట్‌వేరే. "పోర్టల్లో టికెట్ ఓపెన్‌లో ఉంది కదా డెబోరా, ఇంకోటి వేస్తే డూప్లికేట్ అవుతుంది," అంది.

సరోజమ్మగారు ఊరుకునే మనిషి కాదు. మూడో అంతస్తు వరండాలో నడక మొదలెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరకు అరవై రెండడుగులు. రోజుకి యాభై చుట్లు. గోడకు చుట్టుకో గీత పెన్సిలుతో పెట్టి, అయ్యాక రబ్బరుతో చెరిపేసేవారు. డ్యూటీ దిగి వచ్చిన డెబోరా గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ "ఎన్నయ్యాయి ఆంటీ?" అని అడిగేది. "ముప్పయ్యారు. నువ్వెళ్లి పడుకో, కళ్లు చూడు ఎట్టా ఉన్నయ్యో," అనేవారు ఆవిడ. పదకొండు రోజులు అలా సాగింది. ఆవిడ ముఖంలో మళ్లీ కళ వచ్చిందని సాహితి చెప్పింది.

పన్నెండో రోజు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. కోవిడ్ దృష్ట్యా ఉమ్మడి వరండాల్లో వ్యాయామం నిషిద్ధం. కింద సంతకం రెసిడెంట్స్ కమిటీ కొత్త సభ్యుడు, ఆరోగ్య, భద్రత, వైవిధ్య విభాగాల ఇన్‌చార్జి మధుసూదనరావు గారిది. ఒక తెలుగువాడు మొదటిసారి ఆ కమిటీలో సంతకం పెట్టడం మనందరికీ గర్వకారణం అని ఫొటోతో సహా వేశాను.

సరోజమ్మగారు ఫోన్ చేసినప్పుడు నేను ఆయన పక్కనే, అంటే రెండు మీటర్ల పక్కన ఉన్నాను.

"మధూ, వరండాలో నడవద్దని కాయితం అంటించింది నువ్వేనంటగా?"

"అది కమిటీ సభ్యుడి హోదాలో ఆంటీ. సంఘం అధ్యక్షుడిగా దాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను."

"ఖండిత్తే పీకెయ్యి మరి."

"ఖండించడం వరకే నా పరిధి."

"నన్నెక్కడ నడవమంటావయ్యా?"

"బయట అంత పచ్చిక ఉందిగా ఆంటీ! హాయిగా నడవండి. అది మన హక్కు. ఆ హక్కు కోసమేగా మనం పోరాడుతున్నది!"

ఆవిడ "సరే నాయనా" అన్నారు.

మార్చిలో పోర్టల్ నుంచి సరోజమ్మగారికి మూడు మెయిళ్లు వెళ్లాయి. మీ సమస్య తీరిందా, తీరకపోతే పద్నాలుగు రోజుల్లో జవాబివ్వండి అని. మెయిలు ఐడీ నమోదు చేసేటప్పుడు అధ్యక్షులవారు సౌకర్యం కోసం సంఘం ఐడీనే ఇచ్చారు కాబట్టి అవి నాకే వచ్చాయి. నేను యూజర్‌ని కాదు కనుక జవాబివ్వడం పద్ధతి కాదు. పదిహేనో రోజున టికెట్టు దానంతటదే మూసుకుపోయింది. అప్పటికి సరోజమ్మగారు గడప దాటక మూడు వారాలైంది.

ఏప్రిల్ మొదటి వారంలో రక్తం తీశారు.

వంద రోజుల లక్ష్యాన్ని గడువుకు రెండు రోజుల ముందే, ఏప్రిల్ పద్దెనిమిది ఆదివారం నాడు చేరుకున్నట్టు ప్రకటించాలని కార్యవర్గం నిర్ణయించింది. గ్రాఫ్ నేనే గీశాను. జనవరిలో ఫిర్యాదులు తొమ్మిది, ఫిబ్రవరిలో నాలుగు, మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో సున్నా. గీత కొండ మీంచి జారిన నీళ్లలా కిందికి దిగింది. ఆ తొమ్మిది, నాలుగు, ఒకటి కూడా ఒకే మనిషి ఫోన్ చేసిన లెక్క. గ్రాఫ్‌లో మనుషుల పేర్లు వేయడం గోప్యత దృష్ట్యా కుదరదు.

సన్మాన సభకు డెక్లన్ గారు ముఖ్య అతిథి. అధ్యక్షులవారికి శాలువా కప్పే భాగ్యం, లాక్‌డౌన్ వల్ల, సంఘం తరఫున ఆయన శ్రీమతి సీతాలక్ష్మి గారికి దక్కాలని తీర్మానం చేశాం. శాలువా ఎలాగూ వాళ్ల బీరువాలోనే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. లబ్ధిదారు సొంత మాటల్లో ఒక నిమిషం వీడియో. దాన్ని అధ్యక్షులవారు నాకు అప్పగించారు.

శనివారం పొద్దున్న వెళ్లాను. తలుపు బార్లా తీసే ఉంది. లోపలికి వెళ్లకూడదు కాబట్టి వరండాలోనే నిలబడ్డాను. గుమ్మం పక్కన కుర్చీలో సరోజమ్మగారు. ఎదురుగా మాస్కు, చేతి తొడుగులతో డెబోరా మోకాళ్ల మీద కూర్చుని ఉంది. సరోజమ్మగారి చేతిలో పెన్నులాంటిది ఉంది. ఇన్సులిన్ పెన్ను అట.

"చెయ్యి వణకనివ్వకండి ఆంటీ. గుచ్చాక పది అంకెలు లెక్కపెట్టి తియ్యండి. అంతేనండి. నొప్పుండదు."

ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుని గుచ్చుకున్నారు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు. ఆరు దగ్గర ఆగారు. డెబోరా ఏడు అందించింది. పది దాకా ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. కళ్లు తెరిచి చూస్తే నేను, నా చేతిలో ఫోను.

"ఏం కావాలి నాయనా?"

వీడియో సంగతి చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చిరాగ్గా వినబడింది.

"ఏం చెప్పమంటావు?"

"కుక్క బాధ ఇప్పుడు లేదని, ఆంటీ."

"లేదుగా," అన్నారావిడ. "గడప దాటితేగా కుక్క."

డెబోరా నా వంక చూసింది. నేను ఫోన్ వంక చూశాను.

"మొదటి సగం చాలు ఆంటీ," అన్నాను.

ఆవిడ పమిట సర్దుకుని, కెమెరా వంక తిన్నగా చూసి, "కుక్క బాధ ఇప్పుడు లేదు," అని చెప్పారు. ఎవరి మీదా కోపం లేకుండా, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు చెప్పారు. ఒక్క టేకులో వచ్చింది.

వీడియో పంపిన రెండు నిమిషాలకే అధ్యక్షులవారి నుంచి ఫోన్. ఆయన చూపు అంత చురుకు.

"అద్భుతంగా ఉంది రంగనాథ్. కింద చేతిలో ఏదో ఉందేంటి?"

"ఇన్సులిన్ అండి."

"చూసేవాళ్లు వేరేగా అనుకుంటారయ్యా. క్రాప్ చెయ్యి."

చేశాను. పెన్నుతో పాటు చేతులు కూడా పోయాయి, ముఖం ఒక్కటే మిగిలింది. ఆదివారం నలభై మూడు మంది చప్పట్లు కొట్టారు.